చెవి తమ్మెంత మెత్తగా

మా తోడికోడలిని నేను అక్కా అనే పిలుస్తాను. మేము కింది వాటాలో, వాళ్ళు పై వాటాలో. ఆవిడ మెట్లు దిగి వచ్చి మా వంటింట్లో పీట వేసుకుంటే గంటసేపు నేనే మాట్లాడతాను, ఆవిడ వింటుంది. చెప్పడానికి ఏమీ లేక కాదు. ఆవిడకి చిన్నప్పటి నుంచీ నత్తి. మొదటి అక్షరం దగ్గరే మాట ఇరుక్కుపోతుంది. అది బయటికొచ్చే లోపల ఎదుటివాళ్ళకి ఓపిక చచ్చి, మిగతా మాట వాళ్ళే పూర్తిచేసేస్తారు, అదీ తప్పుగా. ఒకసారి ఆవిడ "ప్... ప్..." అంటే మా ఆయన "పాలా వదినా?" అని గిన్నె నింపి చేతిలో పెట్టాడు. ఆవిడకి కావలసింది పటకారు. కాదని చెప్పడం కంటే పాలు మోసుకెళ్ళడమే తేలికని మారుమాట్లాడకుండా మెట్లెక్కి వెళ్ళిపోయింది.

బడిలో ఆవిడ ఎక్కువ కాలం లేదు. తెలివి తక్కువై కాదు. హాజరు పిలిచేటప్పుడు "వచ్చాను సార్" అనాలి. ఆ "వ" నోటిదాకా వచ్చేసరికి పంతులుగారు తర్వాతి పేరుకి వెళ్ళిపోయేవారు. రోజూ అందరికంటే ముందు వచ్చి మొదటి బల్ల మీద కూర్చున్న పిల్లకి నెలాఖరున చూస్తే సగం రోజులు గైర్హాజరు. ఎందుకు బడి ఎగ్గొడుతున్నావని ఇంట్లో తిట్లు. అటు తిట్లు, ఇటు తిట్లు పడలేక ఏడో తరగతితో పుస్తకాలు అటకెక్కించింది.

పెద్దయ్యాక ఆసుపత్రి లాండ్రీలో పనికి కుదిరింది. అక్కడ గదంత యంత్రాలు దుప్పట్లని కడుపులో వేసుకుని గిరగిరా తిప్పుతుంటాయి. ఆ హోరులో ఎవరు మాట్లాడినా ఎవరికీ వినపడదు. అందరూ చేతి సైగలే. దుప్పటి అటు కొస ఒకరు, ఇటు కొస ఒకరు పట్టుకుని, ఎదురెదురుగా నడిచి మడత వేయడం ఆవిడ పని. "ఇంతకంటే హాయైన ఉద్యోగం ఇంకోటుందా చెల్లీ" అని ఓసారి నాతో అంది. తెల్లవారుతూనే వెళ్ళి మధ్యాహ్నం భోజనం వేళకి ఇంటికొచ్చేది.

ఆ లాండ్రీ వెనక తలుపు ఆసుపత్రి వంటగదికి ఎదురుగా ఉంటుంది. రోజూ పొద్దున రోగులకని బ్రెడ్ అక్కడే కాలుస్తారు. సబ్బు వాసన మధ్యలోకి ఆ కాలిన రొట్టె వాసన ఒక్కసారిగా వచ్చేదట. పనివాళ్ళంతా టీకి వెళ్తే మా అక్క మాత్రం ఆ తలుపు దగ్గర నిలబడి ముక్కు ఎగబీల్చేది. ఈ సంగతి ఇంట్లో ఎలాగో బయటపడింది. వాళ్ళమ్మాయి ఊరుకుంటుందా? కాలేజీలో చదివే పిల్ల, ఏదైనా అనుకుంటే చెయ్యందే నిద్రపోదు. ఊళ్ళో బేకరీ పని నేర్పే కేంద్రం ఒకటుంది. అక్కడ రెండు జట్లు. ఒకటి పొద్దున గదిలో, ఇంకోటి ఫోన్లో. తల్లికి చెప్పకుండానే ఫోన్ జట్టులో చేర్చేసింది.

"గ్... గదిలోకి పిలవరు కదా?" అని అక్క అడిగింది.

"ఎవరూ పిలవరమ్మా. హాజరంటే ఈ బొటనవేలి బొమ్మ నొక్కడమే."

అక్క ఆ బొమ్మని నొక్కింది. నొక్కినట్టు తెర మీద పడింది. ఇంకోసారి నొక్కబోతే కూతురు ఫోన్ లాక్కుంది.

అలా ఫోన్ వీడియోల్లోంచి మా ఇంట్లోకి మాస్టారు ప్రవేశించారు. బట్టతల, పెద్ద పొట్ట, మోచేతుల దాకా పిండి. నలభై ఏళ్ళు పొయ్యి ముందు గడిపిన మనిషట. ఎంత ఓపికగా చెప్పేవారో. అక్క మధ్యాహ్నం భోజనమయ్యాక ఫోన్‌ని ఉప్పు డబ్బాకి ఆనించి, కొంగు దోపి మొదలుపెట్టేది. అర్థం కాకపోతే ఆపేది. మాస్టారు తెరిచిన నోరు తెరిచినట్టే ఆగిపోయేవారు. ఆవిడ తీరిగ్గా కొలిచి, కలిపి, చేతులు కడుక్కుని మళ్ళీ నొక్కితే ఆయన విసుక్కోకుండా ఎక్కడ ఆగారో అక్కడినుంచే చెప్పేవారు. ఒక్కో పాఠం ఎన్నిసార్లు విందో లెక్కలేదు. ఈస్ట్ ఎందుకు నురగ కడుతుంది, ఉప్పు ముందు వేస్తే ఏమవుతుంది, ఎండాకాలంలో పిండి ఎందుకు తొందరపడుతుంది, అన్నీ కంఠతా వచ్చేశాయి.

ఒకరోజు మా బావగారు దెప్పారు. "నేను ఒక్క మాట ఒక్కసారి చెబితే వినవు. ఆయన చెప్పిందే పదిసార్లు వింటున్నావు."

అక్క చేతిలో పిండి వదలకుండా, తాపీగా, మధ్యలో రెండుసార్లు ఆగి అంది: "మిమ్మల్ని ఆపడానికి బొత్తాం లేదుగా."

బావగారు నవ్వుకుంటూ నాలుగు రోజులు ఆ మాట కనపడిన వాళ్ళందరికీ చెప్పుకున్నారు.

శనివారం సాయంత్రాలు మాస్టారు నేరుగా తెర మీదికొచ్చి ప్రశ్నలకి జవాబులు చెప్పేవారు. అందరూ నోటితో అడిగితే మా అక్క వేళ్ళతో అడిగేది. రాతకి నత్తి లేదు. ఆవిడ ప్రశ్నలు వరసగా వచ్చి పడుతుంటే మాస్టారు కళ్ళజోడు సర్దుకుని చదివి, "ఈ అడిగినావిడ ఎవరో గానీ నా ప్రాణం తీస్తోంది" అని మురిసిపోయేవారు.

ఇంతవరకూ బాగానే ఉంది. చిక్కల్లా బ్రెడ్డుతోనే.

పై వాటా నుంచి మొదటి బ్రెడ్ వచ్చిన రోజు నేను కత్తి పెట్టాను. దిగలేదు. మా ఆయన పట్టాడు. కత్తి వంగింది. చివరికి పాలల్లో నానబెట్టుకుని తిన్నాం, నానడానికి చాలాసేపు పట్టింది. రెండోది ఇంకా గట్టిది. మూడోదాన్ని బావగారు తిన్నామని చెప్పి, ఎవరూ చూడకుండా ఊగుతున్న బల్ల కాలు కింద పెట్టారు. సరిగ్గా సరిపోయింది. ఇన్ని జరుగుతున్నా ఫోటోల్లో ఆ బ్రెడ్ ఎంత అందంగా ఉండేదో. బంగారు రంగు, నున్నటి వీపు. అక్క ఫోటో పంపితే మాస్టారు "భేష్, భేష్" అనేవారు. పాపం ఆయన తప్పేముంది, ఫోటోకి బరువుండదు కదా.

అక్కకి మాత్రం మనసు ఊరుకోలేదు. ఒక శనివారం రాసింది: "పిండి ఎంత మెత్తగా ఉండాలి?"

మాస్టారు చదివి, "తగినంత మెత్తగా ఉండాలమ్మా" అన్నారు.

వెంటనే ఇంకోటి వచ్చింది: "తగినంత అంటే ఎంత?"

ఆయన నోరు తెరిచారు, మూశారు, చేతులు గాల్లోకెత్తి లేని పిండిని పిసికి చూపించారు. "ఇదిగో, ఇట్లా..." అన్నారు. గాలి ఎంత మెత్తనో ఎవరికి తెలుసు? తర్వాతి ప్రశ్నకి వెళ్ళిపోయారు. పై శనివారం అక్క మళ్ళీ అదే అడిగింది. ఆ పై శనివారం కూడా.

అప్పుడే కేంద్రం వాళ్ళు కబురు పంపారు. ఫోన్ జట్టు వాళ్ళు కూడా చివర్లో ఒక వారం గదికి వచ్చి చేసి చూపించాలి, అప్పుడే పాసైనట్టు. అక్క ఆ రాత చదివి ఫోన్ బోర్లా పెట్టి, మా వంటింట్లోకి వచ్చి కూర్చుంది.

"మ్... మానేస్తాను చెల్లీ."

"ఇన్నాళ్ళు చదివి?"

"అక్కడ ప్... పేరు చెప్పమంటారు."

సర్టిఫికెట్ పోతుందన్నాను, ఆవిడ చెవిన పెట్టలేదు. వాళ్ళమ్మాయి అలిగింది, లాభం లేదు. చివరికి ఆవిడని కదిలించింది ఆ రాయిలాంటి బ్రెడ్డే. మర్నాడు కాల్చిన బ్రెడ్‌ని చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పి, చాలాసేపు చూసి, "ఇది ఎందుకిట్లా అవుతోందో తెలుసుకోకుండా నేను ఉండలేను" అంది. ఆశ్చర్యం, ఆ వాక్యంలో ఎక్కడా ఆగలేదు. లాండ్రీలో సెలవు పెట్టింది.

తర్వాత జరిగింది ఆవిడ నాకు విడతలు విడతలుగా చెప్పింది. ఆవిడ చెప్పనివి ఇంకొకరు చెప్పారు, వాళ్ళ సంగతి వస్తుంది.

కేంద్రమంటే పొడుగాటి గది. వరసగా స్టీలు బల్లలు, కిటికీ అద్దాల మీద పిండి పొర, మూల పెద్ద ఓవెన్, దాని వేడికి అందరి మొహాలూ చెమట్లు. అక్క లోపలికి అడుగు పెట్టేసరికి ఎవరో గట్టిగా అరుస్తున్నారు.

"ఇది పిండా? దీంతో గోడ కట్టు. మీ ఇంటికి పనికొస్తుంది."

ఎవరా అని చూస్తే మాస్టారే. అదే బట్టతల, అదే పొట్ట. గొంతు మాత్రం వేరే మనిషిది. అక్కకి కాళ్ళు వెనక్కి లాగాయి. పక్క బల్ల దగ్గరున్న అమ్మాయి చెవిలో గుసగుసలాడింది.

"మీరు ఫోన్ జట్టా ఆంటీ? మీకు అరుపులు తెలీవు. వీడియో తీసేది మాస్టారి కూతురు. తిట్లన్నీ కత్తిరించేసి పంపిస్తుంది. మేం రోజూ కత్తిరించకుండానే తింటున్నాం."

ఆ అమ్మాయికి గదిలో అందరూ పెట్టిన పేరు రేడియో. పొద్దున తలుపు తీసినప్పుడు మొదలుపెడితే సాయంత్రం తాళం వేసేదాకా ఆగదు. అక్కడి కబుర్లన్నీ నాకు తర్వాత చెప్పింది ఈ రేడియోనే.

ఫోన్ జట్టు నుంచి కొత్తగా వచ్చినవాళ్ళని మాస్టారు వరసగా నిలబెట్టి పేర్లడిగారు. అక్క వంతు వచ్చింది. నోరు తెరిచింది. రాలేదు. గదిలో పిసుకుతున్న చప్పుడు కూడా ఆగింది. మెడ నరాలు ఉబ్బాయి, కళ్ళు చెమ్మగిల్లాయి. వెనకెవరో కిసుక్కున నవ్వారు.

"ఏమ్మా, పేరు ఇంట్లో మర్చిపోయి వచ్చావా?" అన్నారు మాస్టారు.

అక్క ముందున్న బల్ల మీద పొడి పిండి చల్లి ఉంది. ఆవిడ తల వంచి, అందులో వేలితో రాసింది. మాస్టారు బల్ల చుట్టూ తిరిగి వచ్చి, కళ్ళజోడు సర్దుకుని చదివారు.

"తగినంత అంటే ఎంత?"

ఆయన ఆ అక్షరాలకేసి చూశారు, అక్క మొహంలోకి చూశారు. "నువ్వా," అన్నారు. గొంతు ఒక్కసారి తగ్గింది. "నేనింకా ఎవరో రిటైరయిన హెడ్‌మాస్టరమ్మ అనుకుంటున్నా. మూడు శనివారాలు నాకు నిద్ర లేకుండా చేశావు." వెనక్కి తిరిగి, నవ్వినవాడెవరో వాడికి, "నువ్వు చేరిన రోజు నుంచి ఒక్క ప్రశ్న అడిగావురా?" అని ఒకటి తగిలించారు. తర్వాత తన బల్ల మీదున్న పిండి ముద్దని రెండు చేతులా ఎత్తి తెచ్చి అక్క చేతుల్లో పెట్టారు.

"ఇదిగో. ఇంత."

అక్క పట్టుకుని అలాగే నిలబడిపోయిందట. అది జారుతోంది, వేళ్ళకి అంటుకోనా వద్దా అన్నట్టు అంటుకుంటోంది, నొక్కితే మెల్లగా మళ్ళీ పైకొస్తోంది. ఇన్నాళ్ళూ తను చేసిందేమిటో అప్పుడు తెలిసొచ్చింది. తెర మీద మాస్టారి చేతులకి పిండి అంటుకోవడం కనిపించేది కాదు. తన చేతులకి అంటుకునేది. తప్పు చేస్తున్నానని భయపడి, అంటుకోవడం మానేదాకా పొడి పిండి కుమ్మరించేది. ఆ పొడి పిండంతా కలిసి రాయి అయ్యేది. అన్నేసి పాఠాలు కంఠతా పట్టినా తెలియనిది అరచేతికి క్షణంలో తెలిసింది.

"ఇంత మ్... మెత్తగానా?" అంది.

"ఇంత మెత్తగానే. నా చేతికి నూనె ఉంటుందమ్మా, అందుకే అంటుకోదు. చెప్పడం మర్చిపోయాను," అన్నారాయన. తర్వాత కాసేపు అరవలేదని రేడియో చెప్పింది.

ఆ వారంలో అక్కకి ఇంకో సంగతి తెలిసింది. గదిలో ఉన్నవాళ్ళ చేతులు పిండిని ఇట్టే పట్టేస్తాయి, కానీ ఎందుకని అడిగితే తెల్లమొహం వేస్తారు. మాస్టారు ఒకసారి చెప్పి వెళ్ళిపోతారు. మళ్ళీ అడిగితే గోడ కట్టమంటారు. వాళ్ళకి వెనక్కి తిప్పుకునే బొత్తాం లేదు. రాసుకుందామంటే చేతుల నిండా పిండి. రేడియో అయితే పాఠం జరుగుతున్నంతసేపూ పక్కవాళ్ళతో కబుర్లే. పరీక్ష ముందు రోజు ఆ పిల్ల కంగారుగా అక్క దగ్గరికొచ్చింది.

"ఆంటీ, వేడి ఎక్కువైతే పిండి పొంగి మళ్ళీ ఎందుకు కూలబడుతుంది? మాస్టారు తప్పకుండా అడుగుతారు."

అక్కకి జవాబు తెలుసు, మాస్టారి మాటల్లోనే తెలుసు. చెప్పడం మొదలుపెట్టింది. మొదటి మాటకే చిక్కింది. రేడియో నోరు తెరవబోయి మూసుకుంది. అక్క చిక్కింది, విడిపించుకుంది, మళ్ళీ చిక్కింది. అంతసేపూ ఆ పిల్ల కదలకుండా వింది. చివర్లో అందట: "నా పుట్టుక పుట్టాక నేను నోరు మూసుకుని పూర్తిగా విన్నది మీ మాటొక్కటే ఆంటీ. మా అమ్మకి చెబితే నమ్మదు." దానికి బదులుగా ఉండలు చుట్టేటప్పుడు చిటికెన వేలు ఎక్కడ ఉండాలో అక్కకి చూపించింది. ఇద్దరూ పాసయ్యారు. ఆ సాయంత్రం అక్క తెచ్చిన బ్రెడ్ దూదిలా ఉంది. ముక్కలు కోసే దాకా ఎవరూ ఆగలేదు, చేత్తోనే తుంచుకుని తినేశాం.

కథ అక్కడితో అయిపోయేదే. కానీ మాస్టారి కూతురు అక్కని వదల్లేదు. ఫోన్ జట్టు వాళ్ళు రాసి పంపే ప్రశ్నలకి నాన్నగారు విసుక్కుంటున్నారు, మీరు జవాబులు రాస్తారా అని అడిగింది. రాత పనే కదా అని అక్క ఒప్పుకుంది. చూస్తే అందరిదీ ఒకటే ప్రశ్న, తను అడిగిందే. ఇప్పుడు "తగినంత" అనడానికి మనసొప్పలేదు. చేతిలో పెడదామంటే వాళ్ళెక్కడో ఉన్నారు. అందరి దగ్గరా ఉండి, అంత మెత్తగా ఉండేది ఏమిటని వెతకడం మొదలుపెట్టింది. తన బుగ్గ గిల్లుకుంది. నా మోచెయ్యి పిసికింది. భోజనం చేస్తున్న బావగారి చెవి పట్టుకుంది.

"ఇప్పుడు నేనేం చేశానే?" అన్నారాయన బిక్కమొహం వేసి.

అక్క వదల్లేదు. తమ్మెని రెండు వేళ్ళ మధ్య పెట్టి మెల్లగా నొక్కి చూసి, "ఇదే," అంది. ఆయన అన్నం కలిపిన చేత్తో అలాగే కూర్చున్నారు.

కొన్నాళ్ళకి మాస్టారు దవడ పన్ను పీకించుకున్నారు. ఆయనలాంటి మనిషికి నోట్లో దూది పెట్టుకుని కూర్చోవడమంటే ఎంత శిక్షో. అది శనివారం. పాఠం ఎవరు చెప్పాలి? కూతురు మా ఇంటికి పరుగెత్తుకొచ్చింది. అక్క కాదంది, తల అడ్డంగా ఊపింది, పై వాటాకి వెళ్ళి తలుపేసుకుంది. మాస్టారి కూతురు మెట్ల మీదే కూర్చుంది. కాసేపటికి అక్క చీర మార్చుకుని బయటికొచ్చింది. ఏమనుకుని వచ్చిందో నాకు ఇప్పటికీ చెప్పలేదు. నేనూ వెంట వెళ్ళాను.

తెర మీద చిన్న చిన్న గళ్ళు, గడికొక మొహం. అక్క బల్ల వెనక నిలబడింది. "న్..." అని మొదలుపెట్టి ఆగిపోయింది.

"మేడం, మీ నెట్ ఆగిపోయింది," అన్నారెవరో.

"నాకూ అంతే. బొమ్మ కదులుతోంది, మాట రావట్లేదు."

"ఒకసారి బయటికెళ్ళి మళ్ళీ రండి మేడం."

మాస్టారి కూతురు కెమెరా వెనక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మూల కుర్చీలో మాస్టారు దూది ఉండటం వల్ల తిట్టలేక గింజుకుంటున్నారు. అక్క మాత్రం వేళ్ళు బల్లకి ఆనించి, ఆ మాట వచ్చేదాకా దాని వెంటే ఉంది.

"నెట్ బ్... బాగానే ఉందమ్మా. ఆగేది నేను. కాస్త ఓపిక పడితే వచ్చేస్తాను."

తర్వాత ఒక పెద్దాయన, "నిదానంగా రండమ్మా, మాకూ పిండి కలపడానికి టైం కావాలి," అన్నారు. అందరూ నవ్వారు, అక్క కూడా నవ్వింది. ఆ తర్వాత ఎవరూ నెట్ మాట ఎత్తలేదు. ఆవిడ ఆగినప్పుడల్లా వాళ్ళు పిసికేవాళ్ళు. మాస్టారి వేగానికి ఎప్పుడూ వెనకబడేవాళ్ళం, ఇవాళే అందుకున్నామని తర్వాత కొందరు రాశారు.

చివర్లో పిండి ఎంత మెత్తగా ఉండాలో చెబుతూ అక్క అంది: "ఒక చేత్తో మీ చెవి తమ్మె పట్టుకోండి. రెండో చేత్తో పిండి నొక్కండి. రెండూ ఒకేలా ఉన్నాయా?"

గళ్ళన్నిటిలో అందరూ చెవులు పట్టుకుని నిలబడ్డారు. హోమ్‌వర్క్ చేయని తరగతి మొత్తాన్ని లేపి నిలబెట్టినట్టుంది. ఒక గడిలో కోడలి వెనక అత్తగారు ప్రత్యక్షమై, "ఏం తప్పు చేశావే, చెవి పట్టుకున్నావు?" అని అడిగింది. కడుపు చెక్కలయ్యేలా నవ్వాం. మాస్టారి నోట్లో దూది ఎగిరి కింద పడింది.

ఇప్పుడు మా అక్క పొద్దున దుప్పట్లు మడత పెడుతుంది, సాయంత్రాలు పాఠం చెబుతుంది. లాండ్రీ మానేయమని అందరం అన్నాం. ఆ హోరు తనకి ఇష్టమట. ఏది మంచిది, ఫోనా గదా అని నేనొకసారి అడిగితే, "ఫోన్ లేకపోతే నేను గడప దాటేదాన్ని కాదు. గది లేకపోతే ఇంకా రాళ్ళే కాల్చేదాన్ని," అని నిదానంగా చెప్పింది. అందుకే ఫోన్ జట్టు వాళ్ళని చివర్లో కాకుండా మొదటి వారంలోనే ఒకరోజు రప్పించి, ముద్ద చేతిలో పెట్టాకే పంపించేలా మాస్టారిని ఒప్పించింది. గది జట్టు పిల్లలకి వీడియోలు కూడా ఇప్పించింది. తిట్లు కత్తిరించినవే.

ఒక్క బాధ మాత్రం ఆవిడకి ఉంది. గదిలో ఎవరైనా మానేస్తే కుర్చీ ఖాళీగా కనిపిస్తుంది, పక్కవాళ్ళు అడుగుతారు. తెర మీద ఒక గడి పోతే మిగతావి జరిగి ఆ చోటు మూసేస్తాయి. ఎవరు పోయారో కూడా తెలియదు. అందుకని ఆవిడ గళ్ళు కనిపెట్టుకుని ఉంటుంది. ఎవరైనా వరసగా రాకపోతే ఫోన్ చేస్తుంది. ఫోన్‌లో మాట్లాడటమంటే ఆవిడకి అన్నిటికంటే కష్టం. మనిషి కనపడరు, ఈ పక్క మాట చిక్కుకుంటే ఆ పక్క పెట్టేస్తారు. పెట్టేస్తే మళ్ళీ చేస్తుంది.

మొన్న అలాగే ఒకామె పెట్టేసింది, రెండుసార్లు. మూడోసారికి ఆగింది. చంటిపిల్ల ఏడుస్తోంది, అందుకే రావడం లేదు, గదికి రమ్మన్నా రాలేను, పిల్లని ఎవరు చూస్తారు అంది. అక్క ఏం చెప్పిందో గానీ, నిన్న పొద్దున నాకు కబురొచ్చింది, నన్ను కూడా కేంద్రానికి రమ్మని. వెళ్ళాను. ఆ తల్లి రెండు చేతులూ పిండిలో పెట్టి, "అబ్బ, ఇంత మెత్తగానా?" అంటోంది. అక్క పక్కనే నిలబడి తల ఊపుతోంది. రేడియో ఓవెన్ దగ్గర ఎవరికో ఏదో చెబుతూనే ఉంది. పిల్ల నా ఒళ్ళో నిద్రపోయింది.